కాపలా పుంజు కొన్నాం: ఏడాది దాటాక రివ్యూ

స్టార్లు మూడున్నర. పెట్టలకి ఐదు, పుంజుకి నాలుగు, గూటికి ఒకటి, అమ్మేటప్పుడు చెప్పిన మాటలకి రెండు. సగటు తీస్తే మూడే వస్తుంది, ఆ అర స్టారు పుంజు మొహం చూసి కలిపాను.

హొసకోటె నుంచి చింతామణి వెళ్ళే రోడ్డులో ఉన్న ఒక నాటుకోళ్ల ఫారం గురించి ఇది. పేరు రాయడం లేదు. గూడు విషయంలో నాకు ఒళ్ళు మండిన మాట నిజమే కానీ ఆయన పొట్ట కొట్టాలని లేదు, పైగా బెంగళూరు చుట్టూ నాటుకోళ్లు అమ్మేవాళ్ళు చాలామంది ఇదే పాట పాడి పుంజుని అంటగడుతున్నారు కాబట్టి మీరు ఎక్కడ కొన్నా పనికొచ్చేలా రాస్తున్నా. ఆ పాట ఏంటంటే, "పుంజొకటి తీసుకోండి సార్, కుక్క రాదు, గద్ద రాదు, పిల్లి రాదు, అన్నీ అదే చూసుకుంటది."

అన్నీ చూసుకోదు. కొన్ని మాత్రం మనం అనుకున్నదానికంటే బాగా చూసుకుంటుంది.

ముందు మా సంగతి చెప్తే మీకు పోల్చుకోవడం తేలిక. మాది బాగలూరు దాటాక ఒక లేఅవుట్, 30 బై 40 సైటులో ఇల్లు, పక్క సైటు కూడా మాదే కాబట్టి అందులో పెరడు. ఐదడుగుల కాంపౌండు, ఒక మునగ చెట్టు, కరివేపాకు, గుబురుగా పెరిగిన మల్లె పొద, వెనకంతా ఎవరూ కట్టని ఖాళీ సైట్లు, వాటిల్లో నడుము ఎత్తు గడ్డి. కోళ్లు అమ్మ కోరిక. మదనపల్లె నుంచి వచ్చి ఇక్కడ ఉండాలంటే నాకు చేతిలో ఏదో ఒక పని ఉండాలి అని పట్టుబట్టింది, సరే అని ఐదు పెట్టలు, ఒక పుంజు, ఒక చెక్క గూడు కలిపి ప్యాకేజీగా తీసుకున్నాం. పెట్ట 650, పుంజు 1,800, గూడు 9,000. ఆటో ట్రాలీ కిరాయి వేరే.

ఫారం గురించి మంచి ముందు చెప్పాలి, ఎందుకంటే ఉంది. షెడ్డు నేల పొడిగా ఉంది, ముక్కు మూసుకోవాల్సిన పని లేదు, నీళ్ళ గిన్నెల్లో పాచి లేదు. మనం వేలు పెట్టి చూపించిన కోడినే పట్టిచ్చాడు, వేరేది అంటగట్టలేదు. కొక్కెర తెగులు టీకా ఏ తేదీన వేశారో, మళ్ళీ ఎప్పుడు వేయించాలో చీటీ మీద రాసి ఇచ్చాడు, ఇది చాలా చోట్ల చేయరు. ఆయనది చింతామణి, తెలుగే మాట్లాడతాడు, అమ్మతో ఐదు నిమిషాల్లో కలిసిపోయి మీ మదనపల్లె టమాటా మార్కెట్‌కి మేం కూడా లోడు పంపేవాళ్ళం అమ్మా అని కబుర్లు మొదలుపెట్టాడు. అసీల్ పుంజు అడిగితే తనే వద్దన్నాడు. "అది పందెం జాతి సార్, పెరట్లో పెడితే కోపం ఎవరిమీద చూపిస్తదో తెలీదు" అని, ఎక్కువ రేటు పలికేదాన్ని పక్కనబెట్టి మామూలు నాటు పుంజుని చూపించాడు. గిరిరాజ కోళ్లు కూడా ఉన్నాయి ఆయన దగ్గర, మన హెబ్బాళ వెటర్నరీ కాలేజీ వాళ్ళు తయారుచేసిన రకం, గుడ్లు బాగానే పెడుతుంది కానీ పొదగదు, పిల్లలు కావాలంటే నాటు పెట్టే తీసుకోండి అని విడమరిచి చెప్పాడు. కాబట్టి మనిషి మోసగాడు కాదు, పుంజు గురించి మాత్రం నోటికొచ్చింది చెప్పేశాడు.

ఇప్పుడు పుంజు. నెమలి రంగు, ఏడాది దాటిన పక్షి, కాలి ముళ్ళు అప్పుడప్పుడే గట్టిపడుతున్నాయి. వచ్చిన మొదటి వారమే పగటిపూట దాని పని ఏంటో కనబడింది. పెట్టలు తలలు దించుకుని గడ్డిలో గీరుకుంటూ ఉంటాయి, ఇది గీరినా రెండు గీతలు గీరి తల ఎత్తేస్తుంది. తల పక్కకి వాల్చి ఒక్క కన్ను ఆకాశానికి పెడుతుంది. కళ్ళు తలకి రెండు పక్కలా ఉంటాయి కదా, పైన చూడాలంటే దానికి అదే దారి. అలా చూస్తూ చూస్తూ ఒకరోజు సన్నగా, సాగదీసి ఒక కూత పెట్టింది, క్రీ... అని, ఆ లావు గొంతులోంచి అంత సన్నటి శబ్దం వస్తుందని అనుకోం. ఐదు పెట్టలూ ఉన్నపళంగా మల్లె పొద కిందికి దూరి కదలకుండా కూర్చున్నాయి. చెరువు వైపు నుంచి గద్ద ఒకటి తక్కువ ఎత్తులో తిరుగుతోంది, మేం పుంజు కూత విన్నాకే చూశాం దాన్ని. అది వెళ్ళిపోయాక కూడా ఇవి చాలాసేపు బయటికి రాలేదు.

కుక్క కనబడితే ఈ కూత కాదు. అప్పుడు కొక్‌కొక్‌కొక్‌కొకాక్ అని వీధి చివరిదాకా వినబడేలా అరుస్తుంది, పెట్టలు దాక్కోవు, మెడలు నిటారుగా పెట్టి చుట్టూ చూస్తాయి. ఇది నా ఊహేమో అనుకున్నాను కానీ దీని మీద పెద్ద పరిశోధనే ఉంది. 1993లో క్రిస్టఫర్ ఇవాన్స్, పీటర్ మార్లర్ వాళ్ళు రికార్డు చేసిన ఈ రెండు రకాల కూతల్ని పెట్టలకి విడివిడిగా వినిపించారు, ఎదురుగా గద్దా లేదు కుక్కా లేదు, ఉత్త శబ్దమే. ఆకాశం కూతకి పెట్టలు చాటుకి పరిగెత్తి పైకి చూశాయి, నేల కూతకి నిలబడి అటూ ఇటూ చూశాయి. అంటే పుంజు భయపడి అరవడం మాత్రమే కాదు, ప్రమాదం పైనుంచా నేల మీదా అన్నది కూడా ఆ కూతలో ఉంది, వినేవాటికి అర్థమవుతోంది. సన్నటి కూత ఎక్కడినుంచి వస్తోందో గద్దకి పట్టుకోవడం కష్టం, అందుకే పైనుంచి వచ్చేదానికి అది, కింద ఉన్నదానికి గట్టి అరుపు. మా పుంజు ఏ కాలేజీలో నేర్చుకుందో గానీ ఈ విషయంలో పక్కా.

ఇంకో సంగతి చదివి నవ్వుకున్నాను. పుంజు ఒంటరిగా ఉన్నప్పుడు గద్దని చూసినా చాలాసార్లు కూయదట, పక్కన పెట్ట ఉంటేనే ఎక్కువ కూస్తుందని 1980ల్లోనే తేల్చారు. సిడ్నీలోని మెక్వారీ యూనివర్సిటీ వాళ్ళు 2008లో ఇంకో అడుగు ముందుకెళ్ళి, ఈమధ్య జతకట్టిన పుంజులు మిగతావాటికంటే ఎక్కువగా హెచ్చరిక కూతలు కూస్తాయని చూపించారు. తను చెట్టు కింద క్షేమంగా ఉన్నప్పుడు కూత పొడుగ్గా తీస్తుందట కూడా. కాబట్టి త్యాగం, వీరత్వం అని మరీ పొంగిపోనక్కర్లేదు, తన సంసారం చూసుకుంటోంది, తన ప్రాణం కూడా చూసుకుంటోంది. అమ్మకి ఇది చెప్తే "మగాళ్ళంతా అంతే కదరా" అని టమాటాలు తరుక్కుంటూ కూర్చుంది.

ఇక తప్పుడు అలారాలు. దీనికి ఓపిక కావాలి. మా మీదుగా దేవనహళ్ళి ఎయిర్‌పోర్టుకి దిగే విమానాలు వెళ్తాయి, మొదట్లో వాటికీ కూసేది, పావురాలకి కూసేది, గాలిపటానికి కూసేది. పోనుపోను విమానాల్ని వదిలేసింది, గాలిపటాన్ని ఇప్పటికీ వదలదు. 2025 ఫిబ్రవరిలో యలహంకలో ఏరో ఇండియా జరిగినప్పుడు యుద్ధ విమానాల చప్పుడుకి మాత్రం పుంజు, పెట్టలు, అమ్మ అందరూ ఒకే వేగంతో లోపలికి పరిగెత్తారు. అన్నట్టు ఆ షో అప్పుడు యలహంక ఎయిర్‌ఫోర్స్ స్టేషన్ చుట్టూ 13 కిలోమీటర్ల దాకా మాంసం అమ్మకాలు ఆపేశారు గుర్తుందా, అది గద్దల కోసమే. మాంసం వ్యర్థాలు పడేసే చోటుకి గద్దలు చేరతాయి, విమానాలకి తగులుతాయి. మీ ఇంటి దగ్గర చికెన్ షాపు చెత్త పడేసే మూల ఉంటే మీ కోడిపిల్లలకి ముప్పు ఎక్కువని అర్థం, పుంజుని కొనే ముందు ఆ మూల సంగతి చూడండి.

పిల్లలకి అన్నాను, పెద్ద కోళ్లకి కాదు. గద్ద ఎక్కువగా చచ్చినవాటినీ చెత్తలో దొరికినవాటినీ తినే పక్షి, కోడిపిల్లని ఎత్తుకుపోతుంది కానీ ఎదిగిన నాటు పెట్టని మోసుకుపోవడం దాని వల్ల కాదు. చిన్న డేగ ఉంటుంది, నగరంలో కూడా తిరుగుతుంది, అదీ అంతే, పిల్లల మీదే. కాబట్టి ఫారం అన్న "గద్ద రాదు" అన్న మాటని పెద్ద కోళ్ల విషయంలో పట్టించుకోనక్కర్లేదు, అది ఎలాగూ రాదు. పిల్లల విషయంలో పట్టించుకోవాలి, అక్కడే పుంజు ఫెయిల్.

మా నల్ల పెట్ట పొదిగి 21 రోజులకి పిల్లల్ని దింపింది. పిల్లల కోడి కోపం తెలిసిందే, కాలు అటు పెడితే పొడిచేస్తుంది. కాకి ఒకటి గోడ మీద వాలి గోడ మీదే నడుస్తూ ఒక్కో అడుగూ దగ్గరికొస్తోంది. పుంజు అప్పుడు ఏం చేస్తోంది అంటే, పెరడు అవతల మూలలో పురుగు దొరికితే దాన్ని ముక్కుతో ఎత్తి కిందపెట్టి కుక్‌కుక్‌కుక్ అని గోధుమరంగు పెట్టని పిలుచుకుంటోంది. కాకి దూకింది, నల్ల పెట్ట రెక్కలు విప్పి ఎగిరి దాన్ని తన్నింది, అది ఈకలు రాల్చుకుని పోయింది కానీ రెండో కాకి వెనకనుంచి వచ్చి ఒక పిల్లని తన్నుకుపోయింది. పుంజు అప్పుడు కూసింది, అంతా అయిపోయాక. పిల్లల్ని కాచేది తల్లి, పుంజు కాదు. పిల్లలు కాస్త ఈకలు పట్టేదాకా గంప కింద కమ్మండి, లేదా పైన వల కట్టండి. మార్కెట్లో దొరికే మామూలు నైలాన్ వల చాలు కాకికి.

కుక్కల దగ్గరికొద్దాం, బెంగళూరులో అసలు టెన్షన్ ఇదే. 2023లో పాలికె (బెంగళూరు నగర కార్పొరేషన్) వాళ్ళు లెక్కేస్తే నగరంలో 2.79 లక్షల వీధికుక్కలు తేలాయి, మా లేఅవుట్ దానికి బయట ఉంది కాబట్టి మావి ఆ లెక్కలో కూడా లేవు. వాటర్ క్యాన్ అబ్బాయి గేటు వేయకుండా పోయిన ఒక మధ్యాహ్నం పక్క సైటు పనివాళ్ళ దగ్గర తిరిగే ఎర్ర కుక్క లోపలికొచ్చింది. నేను మేడ మీద బట్టలు తీస్తున్నాను కాబట్టి మొత్తం చూశాను. పుంజు ముందు గట్టిగా అరిచింది, పెట్టలు ఎటుపడితే అటు చెదిరాయి. మామూలుగా అయితే అదీ పరిగెత్తాలి, కానీ కుక్క గోధుమరంగు పెట్ట మీదికి మళ్ళేసరికి ఇది అడ్డం వచ్చింది. మెడ ఈకలన్నీ నిక్కబొడుచుకుని, ఒక రెక్క నేలకి వాల్చి, పక్కపక్కగా అడుగులేస్తూ. కుక్క ఒక్క క్షణం ఆగింది. పుంజు ఎగిరి రెండు కాళ్ళతో దాని మూతి మీద తన్నింది. కుక్క కుయ్యిమని వెనక్కి తగ్గి మళ్ళీ దూకి తోక పట్టుకుంది, ఇది గుంజుకుని బయటపడింది, తోకలో సగం కుక్క నోట్లో ఉంది. ఈలోపు పెట్టలు మునగ కొమ్మ మీదా గోడ మీదా ఎక్కేశాయి, అమ్మ చీపురు పట్టుకుని వచ్చింది. కుక్క పారిపోయింది చీపురికే, అది ఒప్పుకోవాలి. కానీ చీపురు వచ్చేదాకా ఆ కాసేపు ఆపింది పుంజే. ఆ రోజంతా బట్టలుతికే బండ వెనక నక్కి కూర్చుంది, గింజలు వేసినా రాలేదు. పీకిన ఈకలు మళ్ళీ వస్తాయి, నెలలోపే మొలకలు కనబడ్డాయి.

దీన్నిబట్టి అన్ని పుంజులూ ఇలా నిలబడతాయని అనుకోకండి. మా వెనక వీధిలో ఉండే కన్నడ ఆంటీ వాళ్ళ పుంజు, చూడ్డానికి మాదానికంటే భారీ, కుక్క అరుపు వినబడితే చాలు అందరికంటే ముందు మెట్ల కింద ఉంటుంది. పుంజుకి పుంజుకి తేడా ఉంది. పైగా ఒక్క కుక్క కాబట్టి సరిపోయింది, రెండు మూడు కలిసి వస్తే నిలబడిన పుంజే ముందు పోతుంది. గేటుకి కింద సందు లేకుండా రేకు కొట్టించడం పుంజు కంటే చవక.

ముంగిస విషయం వేరే. వెనక సైట్లలో ఒకటి ఉంటుంది, పగలే తిరుగుతుంది. అది, పిల్లి, ఇలాంటివి నక్కి వచ్చి పట్టేవి కాబట్టి కనబడిపోతే వాటి ఆట అయిపోయినట్టే. పుంజు దాన్ని గడ్డిలో చూసి నేల కూత మొదలుపెట్టి, అది ఎటు కదిలితే అటు తిరిగి అరుస్తూనే ఉంటుంది, పెట్టలన్నీ మెడలు ఎత్తి అదే వైపు చూస్తాయి, ముంగిస కాసేపు నిలబడి చూసి వెళ్ళిపోతుంది. ఇక్కడ తన్నులాట ఏమీ లేదు, ఒక్క ఈక రాలలేదు, నా లెక్కలో పుంజు చేసిన అసలు కాపలా ఇదే. వీడియో తీసి పెట్టడానికి కుక్కతో ఫైటు బాగుంటుంది గానీ రోజూ పనికొచ్చేది ఈ అరుపు. పుంజు అంటే కాలింగ్ బెల్లు, తలుపు కాదు.

తలుపు అంటే గూడు. ఇప్పుడు ఆ ఒక్క స్టారు సంగతి.

రాత్రి పుంజు దేనికీ పనికిరాదు. ఇది మీరు ఎక్కడ కొన్నా, ఏ జాతి కొన్నా అంతే. కోడి కన్ను పగటి వెలుగు కోసం చేసిన కన్ను, చీకట్లో దానికి దాదాపు ఏమీ కనబడదు, చీకటిపడితే దండెం ఎక్కి కూర్చుంటుంది, చేత్తో ఎత్తి పక్కన పెట్టినా పెద్దగా గొడవ చేయదు. తెల్లారుజామున మూడున్నరకో నాలుగుకో కూస్తుంది కాబట్టి రాత్రంతా మేలుకుని కాపలా కాస్తోందని ఫారం అన్న అన్నాడు, అది కాపలా కాదు, ఒంట్లో గడియారం. 2013లో జపాన్‌లోని నగోయా యూనివర్సిటీ వాళ్ళు మసక వెలుగులోనే ఉంచి చూసినా పుంజులు తెల్లవారే వేళకే కూశాయి.

ఆయన అమ్మిన గూటికి ముందువైపు ఆరు మూలల కంతల కోడి జాలి, దాన్ని చెక్కకి చిన్న స్టేపుల్ పిన్నులతో కొట్టారు. తలుపుకి తిప్పే చెక్క బిళ్ళ. కోడి జాలి అనేది కోళ్లు బయటికి పోకుండా ఆపడానికి, లోపలికి వచ్చేవాటిని ఆపడానికి కాదు, ఈ తేడా అమ్మేవాడికి తెలియకుండా ఉండదు. వానలు పడుతున్న రోజుల్లో ఒక రాత్రి ఏదో వచ్చి కింద మూలన జాలి పట్టి లాగింది, పిన్నులు వరసగా ఊడి వచ్చాయి, లోపలికి వెళ్ళి దండెం చివర కూర్చున్న పెట్టని తీసుకుపోయింది. దండెం మీద ఆ పెట్ట పక్కనే పుంజు. మాకెవరికీ ఒక్క అరుపు వినబడలేదు. పొద్దున వెళ్ళేసరికి పుంజు అక్కడే కూర్చుని ఉంది, ఒంటి మీద గీత కూడా లేదు.

ఎదురింటివాళ్ళ సీసీ కెమెరాలో చూస్తే రాత్రి రెండు దాటాక గోడ మీద పొడవాటి తోక వేసుకుని పునుగుపిల్లి నడిచి వెళ్తోంది, వచ్చేటప్పుడు నోట్లో పెట్ట. బెంగళూరులో ఇవి చాలానే ఉన్నాయి, పాత ఇళ్ళ అటకల మీద, కొబ్బరి చెట్ల మీద, పగలు కనబడవు కాబట్టి మనకి తెలియదు. నేను తిడుతుంటే అమ్మ చెంపలు వేసుకుంది. ఏడుకొండలవాడికి శుక్రవారం అభిషేకం తర్వాత పూసేది పునుగు తైలం కదా, ఆ జీవాన్ని తిట్టకురా, పెట్ట ఋణం తీరిపోయింది అనుకో అంది. తిరుమల పునుగు వేరే రకం అమ్మా అని చెప్పబోయి మానేశాను.

ఫారం అన్నకి ఫోన్ చేస్తే మొదటి మాట, "అదేంది సార్, పుంజుంది కదా, అరవలేదా?" నిజంగా ఆశ్చర్యపోయాడు, నటన కాదు. తర్వాత బేరం. పెట్ట డబ్బులు ఇవ్వనన్నాడు, గూడు వెనక్కి తీసుకోనన్నాడు, చివరికి మెష్ ఖర్చు మీరు పెట్టుకోండి, పని నా మనిషి చేస్తాడు, కూలీ నేను ఇస్తా అన్నాడు. అబ్బాయి వచ్చాడు, పని బాగా చేశాడు, అందుకే గూటికి సున్నా ఇవ్వకుండా ఒకటి ఇచ్చాను. ఏం చేయించామో రాస్తున్నా, మీరు మొదటిరోజే చేయించుకోండి: కోడి జాలి పీకేసి అర అంగుళం గడి వెల్డ్ మెష్, అది కూడా పిన్నులతో కాదు, వాషర్లు వేసి స్క్రూలతో. గూటి చుట్టూ నేల మీద ఒక అడుగు వెడల్పున అదే మెష్ పరిచి పైన రాళ్ళు, ఎందుకంటే పందికొక్కులు, ముంగిసలు గోడ మొదట్లోనే తవ్వడం మొదలుపెడతాయి, అక్కడ మెష్ తగిలితే వెనక్కి జరిగి తవ్వాలన్న తెలివి వాటికి ఉండదు. తిప్పే బిళ్ళ తీసేసి గొళ్ళెం, గొళ్ళేనికి కొక్కెం. పామూ ఎలుకా కూడా అర అంగుళంలో దూరడం కష్టం, జెర్రిపోతు పిల్ల తప్ప. ఆ తర్వాత రాత్రిపూట ఏమీ జరగలేదు. పునుగుపిల్లి ఇంకా గోడ మీద తిరుగుతూనే ఉంది కెమెరాలో, గూటి మీద ఎక్కి చూసి పోతుంది.

చీకటిపడగానే తలుపు వేయడం మాత్రం మనిషి చేయాల్సిందే. వెలుగుని బట్టి దానంతటదే మూసుకునే తలుపులు ఆన్‌లైన్‌లో దొరుకుతున్నాయి, ఆఫీసు నుంచి ఎనిమిదికి వచ్చేవాళ్ళు, ఇంట్లో ఎవరూ లేనివాళ్ళు అలాంటిది చూసుకోండి, బ్యాటరీతో నడిచేదైతేనే, మన కరెంటు సంగతి తెలుసు కదా.

పుంజుతో వచ్చే ఇబ్బందులు ఫారంలో ఎవరూ చెప్పరు. ఒకటి, ఐదు పెట్టలకి ఒక పుంజు అంటే పెట్టలు తక్కువ. ఎనిమిది, పది ఉండాలి. తక్కువైతే ఎక్కి ఎక్కి పెట్టల వీపు మీద ఈకలు ఊడి బోడి అవుతాయి, మావి అలాగే అయ్యాయి, ముఖ్యంగా దానికి ఇష్టమైన ఆ గోధుమరంగుది. ఇంకో నాలుగు పెట్టలు తెచ్చాక సర్దుకుంది. ఇంకొకటి కూత. మా పక్కింట్లో పీజీ ఉంటే ఈ రివ్యూ ఇంకోలా ఉండేది, ఇప్పటికే ఒక నైట్ షిఫ్ట్ అబ్బాయి గేటు దగ్గరికొచ్చి "అంకుల్, దాన్ని కొంచెం లేటుగా లేపండి" అని బతిమాలి వెళ్ళాడు. మూడోది కోపం. కుక్కని తన్నిన పుంజు గ్యాస్ బండ తెచ్చే అతన్ని కూడా తంతుంది, దానికి తేడా తెలియదు. పిల్లలున్న ఇంట్లో ముళ్ళ చివర్లు అరగదీయించండి, చిన్నపిల్లల్ని ఒంటరిగా పెరట్లోకి వదలకండి. ముద్దు చేసి ఒళ్ళో పెంచిన పుంజులే పెద్దయ్యాక మనుషుల మీదికి వస్తాయని మా అమ్మ గట్టిగా అంటుంది, మనిషంటే బెరుకు పోతుందట.

గుడ్ల కోసమే పెంచేవాళ్ళకి పుంజు అక్కర్లేదు, పెట్టలు పుంజు లేకుండానే పెడతాయి, పిల్లలు కావాలంటేనే పుంజు. పెరడు పూర్తిగా జాలితో మూసేసి ఉంటే కూడా అక్కర్లేదు. మా అంత స్థలం ఉండి, కోళ్లని పగలు వదిలే ఆలోచన ఉండి, దాక్కోవడానికి పొదలు ఉంటే మాత్రం తీసుకోండి. పొదలు ముఖ్యం. పుంజు ఎంత బాగా కూసినా పరిగెత్తి దూరడానికి చోటు లేకపోతే పెట్టలు బయలులో నిలబడి ఏం చేస్తాయి?

కొనేటప్పుడు రంగు, తోక చూసి కొనకండి. పెట్టల మధ్యలో పెరిగిన, ఏడాది దాటిన పక్షిని అడగండి, ఆరు నెలల కుర్ర పుంజులు పెట్టల్ని తరమడం తప్ప ఏమీ చేయవు. గుప్పెడు జొన్నలు విసిరి చూడండి. తనే గబగబా తినేస్తే వద్దు, గింజ ఎత్తి కిందపెట్టి పెట్టల్ని పిలిచేదైతే అది మందని పట్టించుకునే రకం. తర్వాత తలగుడ్డో టోపీయో గాల్లోకి విసరండి, తల వాల్చి పైకి చూసి కూసిందా లేదా చూడండి. రెండోసారి తెచ్చిన పెట్టల కోసం వెళ్ళినప్పుడు నేను కర్చీఫ్ విసిరితే ఫారంలో అందరూ నవ్వారు, షెడ్డులో ఉన్న పుంజుల్లో ఒకే ఒక్కటి కూసింది, దాన్నే పక్కనున్న ఇంకో కస్టమర్ వెంటనే తీసుకున్నాడు.

ఆదివారం వెళ్ళకండి, కూరకి కొనేవాళ్ళ రష్షు, మీ మాట వినే తీరిక ఆయనకి ఉండదు. అట్టపెట్టెకి కంతలు పెట్టి మీరే తీసుకెళ్ళండి, అక్కడ కాళ్ళు కట్టి తలకిందులుగా ఇస్తారు. ఫోన్ పే ఉంది. గూడు మాత్రం అక్కడ కొనకండి, మీ దగ్గర్లో వెల్డింగ్ షాపులో కొలతలిచ్చి చేయించుకుంటే అంతకంటే తక్కువలో ఇనుముది వస్తుంది.

ఫారం అన్న ఇది చదువుతుంటే, మెష్ పని చేసిన అబ్బాయికి కూలీ ఇంకా ఇవ్వలేదట అన్నా, ఫోన్ చేసి నన్నడుగుతున్నాడు.